వాడుక ఇంగ్లీషు, 6వ పాఠం: పరిగెత్తుకుంటూ బయటికి వచ్చాడు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన వాక్యం సంగతి చూద్దాం. 'పిల్లాడు చెట్టు దిగాడు' అన్నదానికి 'కేమ్ డౌన్', 'గాట్ డౌన్', 'క్లైంబ్డ్ డౌన్' మూడూ సరైనవే. చేతులూ కాళ్ళూ వాడి జాగ్రత్తగా దిగాడని చెప్పాలంటే మూడోది బాగుంటుంది. 'డిసెండెడ్' తప్పు కాదు గానీ, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

ఇక ఈ పాఠం. 'వాడు పరిగెత్తుకుంటూ బయటికి వచ్చాడు' అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మనవాళ్ళు చాలామంది 'హి కేమ్ అవుట్‌సైడ్ బై రన్నింగ్' అంటారు. విషయం అర్థమవుతుంది, కాదనను. కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు దాన్ని మూడు మాటల్లో తేల్చేస్తారు: 'హి ర్యాన్ అవుట్'. మరి 'వచ్చాడు' ఏమైంది?

తెలుగు వాక్యంలో చివరి క్రియ సాధారణంగా దారి చెబుతుంది: వచ్చాడు, వెళ్ళాడు, ఎక్కాడు, దిగాడు, దాటాడు. ఎలా కదిలాడన్నది దానికి ముందు 'తూ', 'కుంటూ' తగిలించుకుని వస్తుంది: పాకుతూ, కుంటుతూ, పరిగెత్తుకుంటూ. ఇంగ్లీషులో ఇది తారుమారవుతుంది. కదిలిన తీరు క్రియలోకి వెళ్ళిపోతుంది, దారి చెప్పే పని క్రియ పక్కనున్న చిన్న అడ్వెర్బ్ తీసుకుంటుంది. ఇన్, అవుట్, అప్, డౌన్, బ్యాక్, అవే, ఆఫ్, ఓవర్, అక్రాస్ అన్నీ ఆ జాతివే. లియొనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1985లోనే ఈ తేడాను వివరంగా రాశారు. ఆయన ప్రధానంగా ఇంగ్లీషును స్పానిష్‌తో పోల్చారు. ఈ విషయంలో స్పానిష్ మన పద్ధతికే దగ్గర. అంటే ఈ తికమక మనకొక్కళ్ళకే కాదు.

కాబట్టి 'వచ్చాడు', 'వెళ్ళాడు'లకు ఇంగ్లీషు మాట వెతకడం మానేయండి. 'తూ', 'కుంటూ' ఉన్న మాటను పట్టుకుని దాన్నే క్రియ చేయండి. దారిని అడ్వెర్బ్‌కి అప్పజెప్పండి. 'పాప పాకుతూ లోపలికి వచ్చింది' అంటే 'ద బేబీ క్రాల్డ్ ఇన్'. 'ఈదుకుంటూ అవతలికి చేరారు' అంటే 'దే స్వామ్ అక్రాస్'. 'కారు నడుపుకుంటూ తిరిగి వచ్చేశాం' అంటే 'వి డ్రోవ్ బ్యాక్'.

ఇక్కడ ఒక చిన్న నష్టం ఉంది. 'ర్యాన్ ఇన్' అన్నప్పుడు చెప్పేవాడు లోపలున్నాడో బయటున్నాడో తెలియదు. తెలుగులో 'లోపలికి వచ్చింది', 'లోపలికి వెళ్ళింది' అనగానే అది తెలిసిపోతుంది. ఇంగ్లీషులో కూడా అది తెలియాలంటే 'షి కేమ్ రన్నింగ్ ఇన్' అనవచ్చు. ఆ మధ్యలో 'బై' పెట్టకపోతే చాలు.

ఇప్పుడు కాస్త పెద్ద వాక్యం. 'బస్సు దిగాక ఫోన్ సీట్లోనే వదిలేశానని గుర్తొచ్చి, మళ్ళీ ఎక్కి, వెనక సీటు దాకా పరిగెత్తి, అది తీసుకుని కిందికి దూకానో లేదో, బస్సు కదిలిపోయింది.' తెలుగులో ఇలాంటిది ఒక్క ఊపులో చెప్పేస్తాం. ఇంగ్లీషులో ఇలా వస్తుంది: 'ఐ గాట్ ఆఫ్ ద బస్, రిమెంబర్డ్ మై ఫోన్, గాట్ బ్యాక్ ఆన్, ర్యాన్ టు ద లాస్ట్ సీట్, పిక్డ్ ఇట్ అప్ అండ్ జంప్డ్ ఆఫ్ జస్ట్ యాజ్ ద బస్ పుల్డ్ అవే.'

ఇందులో 'గాట్ బ్యాక్ ఆన్' దగ్గర ఆగండి. రెండు అడ్వెర్బ్‌లు పక్కపక్కన ఉన్నాయి. ఇలా వచ్చినప్పుడు 'బ్యాక్'దే ముందు సీటు: 'కమ్ బ్యాక్ ఇన్', 'గో బ్యాక్ అప్', 'ర్యాన్ బ్యాక్ డౌన్'. 'కమ్ ఇన్ బ్యాక్' అనరు. మన 'మళ్ళీ' రెండు పనులు చేస్తుంది. ఒక పని రెండోసారి చేస్తే అది 'అగైన్', బయల్దేరిన చోటికే తిరిగి చేరితే 'బ్యాక్'. మర్చిపోయిన ఫోన్ కోసం మళ్ళీ ఇంటికి వెళ్ళారనుకోండి, 'ఐ వెంట్ బ్యాక్ హోమ్' అనాలి. 'రిటర్న్'లో ఆ తిరిగి రావడం ఎలాగూ ఉంది కనుక 'రిటర్న్ బ్యాక్'లో 'బ్యాక్' దండగ.

బస్సు స్టాపులోకి వచ్చి ఆగితే 'పుల్డ్ ఇన్', కదిలి వెళ్ళిపోతే 'పుల్డ్ అవుట్' లేదా 'పుల్డ్ అవే'. ట్రాఫిక్ పోలీసు బండి పక్కకు తీసి ఆపమంటే 'పుల్ ఓవర్'. ఇక్కడ ఎవరూ ఏదీ లాగడం లేదు, కంగారు పడకండి.

బండ్ల విషయంలో తెలుగుది పెద్ద మనసు. బస్సు, ఆటో, బైకు, విమానం అన్నిటికీ ఎక్కడం, దిగడం సరిపోతాయి. ఇంగ్లీషు రెండు వరసలు పెట్టుకుంది. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్'. కాళ్ళు చెరోవైపు వేసి కూర్చునే బైకు, సైకిలు, గుర్రానికీ అవే. వంగి, దూరి కూర్చునే కారు, ఆటోలకు 'గెట్ ఇన్', 'గెట్ అవుట్'.

మరి మనం రోజూ అనే 'గెట్ డౌన్' సంగతేమిటి? 'ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట్' అంటే మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది, హైదరాబాదులో దాన్ని తప్పుపట్టడం నాకు చాదస్తంగానే తోస్తుంది. లండన్ బస్సులో మాత్రం 'గెట్ ఆఫ్' అనడమే మేలు. చెట్టు మీంచో గోడ మీంచో దిగడానికి 'గెట్ డౌన్' చక్కగా సరిపోతుంది. అదే ఎవరైనా గట్టిగా 'గెట్ డౌన్!' అని అరిస్తే, ప్రమాదం ఉంది, కిందికి వంగమని.

'అవే' నేర్చుకోవడానికి మన చేతిలోనే ఒక సాధనం ఉంది. క్రియ చివర మనం తగిలించే 'పో'. పారిపోయాడు, 'ర్యాన్ అవే'. పిట్ట ఎగిరిపోయింది, 'ఫ్లూ అవే'. వరదకు వంతెన కొట్టుకుపోయింది, 'వాజ్ వాష్డ్ అవే'. కదలిక ఉన్నచోట ఈ లెక్క చాలావరకు కుదురుతుంది. కదలిక లేని 'పో'కి మాత్రం దీన్ని వాడకండి. నిద్రపోవడంలో, పాడైపోవడంలో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ఇక 'ఆఫ్' కూడా దూరం కావడమే గానీ, దాని చూపు బయల్దేరే క్షణం మీద ఉంటుంది. 'వి సెట్ ఆఫ్ ఎట్ ఫైవ్' అంటే అయిదింటికి బయల్దేరాం.

వెళ్ళడం అయిపోయాక మిగిలే స్థితికి క్రియ కూడా మారిపోతుంది. 'షి వెంట్ అవుట్' అన్నది జరిగిన పని, 'షి ఈజ్ అవుట్' అన్నది ఇప్పుడున్న పరిస్థితి. ఊరెళ్ళి ఇంకా రాకపోతే 'హి ఈజ్ అవే', వచ్చేస్తే 'హి ఈజ్ బ్యాక్'. ఆఫీసుకు ఫోన్ చేసి మేనేజర్ సీట్లో ఉన్నారా అని అడగడానికి 'ఈజ్ ద మేనేజర్ ఇన్?' చాలు.

వస్తువును కదిలించేటప్పుడు ఒక్క జాగ్రత్త. కుర్చీలు లోపలికి తేవడాన్ని 'బ్రింగ్ ద చెయిర్స్ ఇన్' అన్నా, 'బ్రింగ్ ఇన్ ద చెయిర్స్' అన్నా ఒకటే. కుర్చీలకు బదులు 'దెమ్' వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: 'బ్రింగ్ దెమ్ ఇన్'. 'బ్రింగ్ ఇన్ దెమ్' వినగానే తేడాగా ఉంటుంది.

పలకడంలో మనకు పెద్ద కష్టం లేదు. గెట్, అవుట్ కలిపి 'గెటవుట్' అని సంధి చేసుకోవడం మనకు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషువాళ్ళూ అలాగే కలుపుతారు. మనం సాధారణంగా వదిలేసేది ఊనిక. వాక్యం చివర అడ్వెర్బ్ వచ్చినప్పుడు గొంతు దాని మీద నొక్కండి: 'హి ర్యాన్ అవుట్'లో బరువు 'అవుట్' మీద పడాలి.

సాధనకు మూడు వాక్యాలు. 'పిల్లి పాకుతూ మంచం కిందనుంచి బయటికి వచ్చింది.' 'తాతయ్య కుంటుతూ రోడ్డు దాటాడు.' 'వాన మొదలవగానే అందరూ పరిగెత్తుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.' జవాబులు వచ్చే పాఠంలో. మూడోదానిలో 'పోయారు' కనిపించింది కదా అని 'అవే' పెట్టేయకండి.