డ్రాఫ్ట్ గడియారం మొదలయ్యేలోపే ఇవి చూసుకోండి

ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్ (మన ఊహా టీమ్‌కి అసలు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం) మొదలయ్యాక ఆటగాళ్ల అంకెలున్న స్ప్రెడ్‌షీట్ సరిచేసుకునే టైమ్ దొరకదు, కాబట్టి ముందు రోజే కూర్చోండి.

మొదట లీగ్ రూల్స్. మామూలు రోటో లీగ్ (ఒక్కో గణాంకంలో టీమ్ ర్యాంకును బట్టి పాయింట్లిచ్చేది) అయితే బ్యాటింగ్‌లో రన్స్, హోమ్ రన్స్, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో టీమ్‌కి తెచ్చిన రన్స్), స్టోలెన్ బేస్‌లు (పిచర్ కన్నుగప్పి పరుగెత్తి అందుకున్న బేస్‌లు), యావరేజ్ (హిట్లను అట్-బ్యాట్స్, అంటే లెక్కలోకొచ్చే బ్యాటింగ్ అవకాశాలతో భాగిస్తే వచ్చేది). పిచింగ్‌లో విన్స్, సేవ్స్ (చివర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడటం), స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే రన్స్), విప్ (ఇన్నింగ్స్‌కి ఇచ్చిన వాక్స్, హిట్లు). కొన్ని లీగుల్లో యావరేజ్ బదులు ఓబీపీ (వాక్స్ కూడా కలిపి ఎంత తరచుగా బేస్ చేరాడన్నది) పెడతారు, అది గమనించండి.

హోమ్ రన్స్ అయితే కూడుకుంటూ పోతే చాలు. యావరేజ్ అలా కుదరదు. 600 అట్-బ్యాట్స్‌లో .250 కొట్టినవాడినీ 200లో .310 కొట్టినవాడినీ కలిపి రెండుతో భాగిస్తే .280 వచ్చి మురిసిపోతాం, తీరా చూస్తే 800కి 212 హిట్లే, అంటే .265.

ఇన్నింగ్స్ కాలమ్ దగ్గర మరీ జాగ్రత్త. 180.2 అంటే 180 ఇన్నింగ్స్, ఆపైన ఇద్దరు అవుట్, అచ్చం మన క్రికెట్ ఓవర్ల లెక్కే. షీట్‌కి ఆ సంగతి తెలీదు, దశాంశం అనుకుని కూడేస్తుంది. ఒక ఏడాది నా ఈఆర్ఏ లెక్కంతా ఇలాగే తప్పింది.

ఈఆర్ఏ, విప్ తక్కువుంటేనే మంచిది, ఆ రెండిటికీ ర్యాంకు తిరగేయండి.

బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేసే ఓహ్తానీ సంగతి కూడా ముందే తేల్చుకోండి: 2024లో 54 హోమ్ రన్స్, 59 స్టోలెన్ బేస్‌లు కొట్టేసిన మనిషి, కొన్ని లీగుల్లో ఒక్క ఆటగాడే, కొన్నింట్లో బ్యాటర్, పిచర్ అని రెండు వేర్వేరు ఎంట్రీలు.

ఆ, లాప్‌టాప్ ఛార్జర్.