తెర మీద రైలుబండి – 3వ పాఠం: కంటికంటే ముందు చెవి

పోయిన పాఠంలో చెప్పిన పని చేసినవాళ్ళకు ఒక సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది. అమెరికాలో పట్టాల పక్కన కెమెరాలు పెట్టి, వచ్చేపోయే బండ్లని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తారు కదా, వాటిలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రోషెల్ ఊరి కెమెరా పెట్టుకుని గంట కూర్చుంటే, అందులో ఎక్కువసేపు కనపడేది ఖాళీ పట్టాలే. యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ వాళ్ళ రెండు లైన్లు, బీఎన్ఎస్ఎఫ్ అనే ఇంకో కంపెనీ వాళ్ళ రెండు లైన్లు అడ్డంగా కోసుకునే చోటది. మన నాగపూర్ డైమండ్ క్రాసింగ్ పేరు విన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అంత పేరున్న చోట కూడా బండికీ బండికీ మధ్య ఎదురుచూపు తప్పదు. పొయ్యి మీద పాలు చూసొద్దామని లేస్తామా, సరిగ్గా అప్పుడే గూడ్సు దడదడా వెళ్ళిపోతుంది. తిరిగొచ్చేసరికి ఆఖరి వ్యాగన్ వీపు, దానికి తగిలించిన ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ దూరమవుతుంటాయి.

రెప్ప వాల్చకుండా తెరనే చూడటం దీనికి మందు కాదు. అలా చూస్తే వారానికే విసుగొచ్చి మానేస్తారు. కెమెరాని ఒక మూల నడవనిచ్చి, మీ పని మీరు చేసుకుంటూ, బండి వస్తోందని తెలిసినప్పుడు మాత్రమే తల తిప్పాలి. అది తెలిసేది చెవికి.

నేను పెరిగింది కొవ్వూరులో. రాత్రి పక్కమీద పడుకుని ఉంటే గోదావరి మీద బండి వెళ్తున్న చప్పుడు వినపడేది. పాత హేవలాక్ వంతెన మీద అయితే ఒక రకం మోత, 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన మీద అయితే ఇంకో రకం. గూడ్సా, ఎక్స్‌ప్రెస్సా అన్నది కళ్ళు తెరవకుండానే చెప్పేవాళ్ళం. ఎవరూ నేర్పలేదు, రోజూ వినడం వల్ల వచ్చింది. అమెరికా బండ్ల విషయంలో ఆ చిన్నతనం మనకు లేదు కాబట్టి పాఠం పెట్టుకుని నేర్చుకోవాలి, అంతే తేడా.

ముందు గడియారం

చెవి పని మొదలుపెట్టే ముందు ఇది సరిచూసుకోండి. రోషెల్, గేల్స్‌బర్గ్, ఫోర్ట్ మాడిసన్, లా ప్లాటా, ఈ నాలుగు కెమెరాలూ అమెరికా సెంట్రల్ టైములో ఉన్నాయి. వేసవిలో వాళ్ళు మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు.

నేను మొదటి ఏడాది ఈ నవంబరు దగ్గరే బోల్తా పడ్డాను. అక్కడ ప్యాసింజరు బండ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ వాళ్ళది, షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే 3వ నంబరు బండి, సౌత్‌వెస్ట్ చీఫ్, మిస్సోరీలోని లా ప్లాటాకి వాళ్ళ లెక్కన రాత్రి 8 గంటలకు కాస్త ముందు వస్తుంది. వేసవిలో అది మనకు పొద్దున్న సుమారు 6:20. కాఫీ గ్లాసుకి సరిపోయే టైము. నవంబరులో గడియారం తిప్పిన మర్నాడు, సోమవారం కూడా అలాగే కూర్చున్నాను. ఆరున్నర అయింది, ఏడయింది, బండి జాడ లేదు. లేటు కాబోలని తిట్టుకుంటూ స్నానానికి వెళ్ళాను. 7:20కి అది తన టైముకి తను నిక్షేపంలా వచ్చి వెళ్ళిపోయింది. బండి తప్పేం లేదు, నా లెక్కే తప్పు.

అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ కెమెరా చూసేవాళ్ళకు ఈ టెన్షన్ లేదు. ఆ ఊళ్ళో గడియారం తిప్పరు, ఏడాది పొడుగునా మనకంటే పన్నెండున్నర గంటలు వెనకే.

కూత

ఇక అసలు పాఠం. మన దగ్గర గేటు రాబోతోందంటే లైను పక్కన పసుపుపచ్చ పలక మీద 'డబ్ల్యూ/ఎల్' అని ఉంటుంది, హిందీలో 'సీ/ఫా' అని ఉంటుంది. అది చూసి డ్రైవరు కూత వేస్తాడు. మన కూత ఒకటే సాగతీత. అమెరికాలో గేటు కూతకి ఒక లయ ఉంది: రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు.

బూఁ..., బూఁ..., బుఁ, బూఁ......

కొన్నిచోట్ల లైను పక్క పలక మీదే ఈ లయని రెండు అడ్డగీతలు, ఒక చుక్క, మళ్ళీ ఒక అడ్డగీతగా రాసి పెడతారు. మోర్స్ కోడ్‌లో అది 'క్యూ' అక్షరం. చివరి పొడుగు కూతని ఇంజను గేటులోకి అడుగుపెట్టేదాకా సాగదీయాలి. గేటుకి 15 నుంచి 20 సెకన్ల ముందు కూత మొదలవ్వాలన్నది అక్కడి ప్రభుత్వం 2005లో అమల్లోకి తెచ్చిన నియమం. ఈ అంకె మీకెందుకంటే, కెమెరా గనక గేటు పక్కనే ఉంటే, మొదటి పొడుగు కూత వినపడ్డాక మీ చేతిలో ఉన్నది ఆ పదిహేను, ఇరవై సెకన్లే. వంటింట్లోంచి హాల్లోకి రావడానికి చాలు. మేడ మీంచి దిగిరావడానికి చాలదు.

అయితే ఊరన్నాక గేటు ఒక్కటే ఉండదు. ముందు చాలా దూరంగా, గాలిలో కలిసిపోయి, కుక్క మూలిగినట్టు ఒక కూత వినపడుతుంది. కాసేపటికి అదే లయ ఇంకాస్త గట్టిగా. మూడోసారికి మైకు అదురుతుంది. అంటే బండి మీవైపే వస్తోంది. ప్రతి కూతా కిందటిదానికంటే తగ్గుతూ పోతుంటే, దాన్ని మీరు తప్పించుకున్నట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. బండి కెమెరాని దాటుతున్న క్షణంలో కూత కొనసాగుతుంటే, దాని శ్రుతి ఒక్కసారిగా దిగుతుంది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

ప్యాసింజరు బండి కూతని పట్టుకోవడం సులువు. ఆమ్‌ట్రాక్ ఇంజన్ల మీద ఎక్కువగా ఉండేది ఐదు గొట్టాల కూత. హార్మోనియం మీద కుదిరిన ఐదు మెట్లు ఒకేసారి నొక్కినట్టు నిండుగా ఉంటుంది. గూడ్సు ఇంజన్లలో మూడు గొట్టాలవీ ఉంటాయి, ఐదువీ ఉంటాయి, పాతబడి ఒక గొట్టం మూగబోయినవీ ఉంటాయి. ఆ గొంతుపోయిన కూతలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒకసారి వింటే మళ్ళీ మర్చిపోరు.

కూతే వినపడని ఊళ్ళు కూడా ఉన్నాయి. జనం నిద్ర పాడవుతోందని ఊరివాళ్ళు అడిగి, గేట్ల దగ్గర అదనపు రక్షణ ఏర్పాట్లు చేసుకుని, 'క్వయిట్ జోన్' తెచ్చుకుంటారు. అక్కడ ప్రమాదం కనపడితే తప్ప కూత వేయరు. అలాంటి కెమెరాల్లో గేటు గంట టింగుటింగుమని మోగడం ఒక్కటే ఆధారం. చెవికి పాఠం నేర్చుకునే దశలో వాటి జోలికి పోకండి.

మాట్లాడే పట్టాలు

కొన్ని కెమెరాల్లో రైల్వే రేడియో మాటలు కూడా కలిపి వినిపిస్తారు. డ్రైవర్లు, కంట్రోలు వాళ్ళు మాట్లాడుకునేది మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు, కంగారు పడక్కర్లేదు. మనకు కావలసింది మనుషుల మాట కాదు, ఒక యంత్రం మాట. లైను పొడుగునా అక్కడక్కడా డిటెక్టర్లని ఉంటాయి. వేడెక్కిన బేరింగులు, కిందపడి ఈడ్చుకొస్తున్న సామాను లాంటి లోపాలు కనిపెట్టడం వాటి పని. బండి మొత్తం దాటిపోయాక అది రేడియోలో మరబొమ్మ గొంతుతో అప్పజెబుతుంది: ఏ రైల్వే, ఏ మైలురాయి, ఏ ట్రాక్, లోపాలు లేవు, మొత్తం ఇరుసులు ఇన్ని.

ఈ ఇరుసుల లెక్కలోనే మజా ఉంది. డిటెక్టరు 538 అని చెప్పిందనుకోండి. బొగ్గు బండికి మూడు ఇంజన్లున్నాయనుకుందాం. అక్కడి పెద్ద గూడ్సు ఇంజనుకి మామూలుగా ఆరు ఇరుసులు, కాబట్టి మూడింటికి 18. మిగిలింది 520. వ్యాగన్‌కి నాలుగు చొప్పున 130 వ్యాగన్లు. బండి కనపడకముందే దాని పొడుగు మీకు తెలిసిపోయింది. బొగ్గు వ్యాగన్ సుమారు 16 మీటర్లు ఉంటుంది కాబట్టి, ఇంజన్లతో కలిపి రెండు కిలోమీటర్లు దాటిన బండి.

ఇప్పుడు ఎప్పుడొస్తుందో చూద్దాం. డిటెక్టరు కెమెరాకి 10 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి, బండి వేగం గంటకు 72 కిలోమీటర్లు. పదికి పది కిలోమీటర్లూ లెక్కేస్తే తప్పులో కాలేసినట్టే. డిటెక్టరు మాట్లాడేది తోక దాటాక. అప్పటికే ఇంజను రెండు కిలోమీటర్లు ముందుకొచ్చేసి ఉంటుంది. మిగిలింది ఎనిమిదిలోపు. నిమిషానికి 1.2 కిలోమీటర్లు, అంటే ఆరున్నర నిమిషాలు. చాయ్ పెట్టుకుని రావచ్చు.

రెండు డబ్బాలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుపోయే కంటైనరు బండికి మాత్రం ఈ నాలుగు చొప్పున లెక్క పనికిరాదు. దాని వ్యాగన్లు కొన్ని మూడేసి, ఐదేసి ఒక జట్టుగా కలిసిపోయి, పక్కపక్క రెండింటికీ కలిపి రెండు ఇరుసుల చక్రాల చట్రం ఒకటే ఉంటుంది. ఐదు కలిసిన జట్టుకి ఇరవై ఇరుసులు కాదు, పన్నెండే. నేను నెల రోజులు ఇది తెలియక ఆ బండ్లన్నీ పొట్టివని రాసుకున్నాను.

ఇంకొక్క జాగ్రత్త. ప్రత్యక్ష ప్రసారం అంటారు గానీ మన దగ్గరికొచ్చేది కొన్ని సెకన్లు ఆలస్యంగా. బొమ్మ, రేడియో రెండూ ఒకే కెమెరాలోంచి వస్తుంటే ఆలస్యం రెండింటికీ ఒకటే, ఇబ్బంది లేదు. రేడియోని వేరే యాప్‌లో విడిగా వింటే మాత్రం లెక్క చెదురుతుంది.

చీకట్లో

రాత్రిపూట చెవికి కంటి సాయం కొంచెం దొరుకుతుంది. పైన పెద్ద దీపం, కింద అటూ ఇటూ రెండు దీపాలు, దూరం నుంచి త్రికోణంలా కనపడితే అది ఇంజను. జంటగా కనపడేవి కార్లు. దీపం ఇంకా కనపడకముందే పట్టాల అంచులు తళతళమంటాయి. కొన్ని లైన్లలో సిగ్నల్ దీపాలు కూడా ఆరిపోయి ఉండి, బండి దగ్గరికొచ్చినప్పుడే వెలుగుతాయి. అలాంటి చోట సిగ్నల్ వెలిగిందంటే ఆ రంగు తర్వాత సంగతి, ముందు కూర్చోండి.

ఒకే బండి, రెండు కెమెరాలు

వేసవిలో ఒకరోజు నేను చేసిన పని చెప్తాను, మీరూ అలాగే చేయండి. తెల్లవారుజామున 5 దాటాక అయోవాలోని ఫోర్ట్ మాడిసన్ కెమెరా పెట్టాను. అక్కడ మిస్సిసిపీ నది మీద వంతెన 1927 నాటిది. మన రాజమండ్రి వంతెన లాగే పైన రోడ్డు, కింద రైలు. మనది కదలదు, అది మధ్యలో ఒక ముక్క పక్కకి తిరిగి పడవలకు దారిస్తుంది. ఆ ముక్క తిరిగి ఉన్నంతసేపూ బండ్లు ఆగాల్సిందే. ఫోన్ బోర్లా పెట్టి వింటున్నాను. ముందు గాలి. తర్వాత ఐదు గొట్టాల నిండు కూత, రెండు పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు. ఫోన్ తిప్పేసరికి 3వ నంబరు రెండంతస్తుల పెట్టెలతో మెల్లగా వచ్చి ఆగింది. టైము రాసుకున్నాను.

లా ప్లాటాకి అది రావడానికి ఇంకో గంట పైచిలుకు. ఈలోగా స్నానం, పూజ, కాఫీ అన్నీ అయ్యాయి. ఫోన్ మళ్ళీ బోర్లా. కీచురాళ్ళ రొద. మా ఆవిడ వచ్చి "ఏం వింటున్నారు, పురుగులనా?" అంది. జవాబు చెప్పేలోపు దూరంగా సన్నగా కూత. "ఇదిగో నీ పురుగు" అన్నాను. కానీ ఈ కూత పలచగా, గరగరలాడుతూ ఉంది. తిప్పి చూస్తే ఎదురు దిక్కు నుంచి కంటైనరు బండి, ముందు నారింజ రంగు ఇంజన్లు. మన 3వ నంబరు ఇంకో తొమ్మిది నిమిషాలకు వచ్చింది. ఈసారి ఆవిడే ముందు గుర్తుపట్టింది.

ఈ వారం పని

రోజుకి అరగంట, నాలుగు రోజులు. తెర కనపడకుండా పెట్టి వినండి. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి: కూత ఎప్పుడు వినపడింది, ఏ బండి అనుకున్నారు, తిప్పి చూస్తే ఏం వచ్చింది. మూడో గడి నింపాక రెండో గడిని దిద్దకండి. తప్పు తప్పుగానే ఉండనివ్వండి, అది ఏ కూత దగ్గర జరుగుతోందో పట్టుకోవాలి. అరగంట ఖాళీ లేనివాళ్ళు ప్రసారాన్ని వెనక్కి జరుపుకుని వినొచ్చు, కానీ కింది గీత మీద చిన్న బొమ్మలు కనపడతాయి, దొంగచూపు చూడొద్దు.

వచ్చే పాఠంలో ఇంజను గొంతు. అమెరికా నమూనాలో చేసిన మన హుబ్బళ్ళి షెడ్డు డబ్ల్యూడీజీ–4 డీజిల్ ఇంజను దగ్గర ఎప్పుడైనా నిలబడి ఉంటే, అమెరికా బండ్లలో కొన్ని మీకు అప్పుడే పరిచయమైనట్టు. ఆ కాగితం దాచండి, దాంతోనే మొదలుపెడతాం.