మాజీ ఎమ్మెల్యే ఇంటామె మీద డాక్యుమెంటరీ ఎలా తీయాలి

హనుమకొండ, పరకాల, నర్సంపేట వైపు మాజీ ఎమ్మెల్యే ఇంటికి వెళ్తే ముందుగది గోడల నిండా సారు ఫొటోలు, మెమెంటోలు. కెమెరా అక్కడ పెడితే వచ్చేది సారు సినిమాయే. పైరవీకి వచ్చినవాళ్ల దరఖాస్తులు ఆయన భార్య అందుకున్నది, ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్ల గోడు విన్నది లోపలి అర్రలో, వాకిట్లో. షూటింగ్ అక్కడే మొదలుపెట్టండి.

అంతకంటే ముందు తేదీల పట్టిక రాసుకోవాలి. ఆయన పోటీ చేసిన ఎన్నికలు, ఆమె సర్పంచో కార్పొరేటరో అయి ఉంటే ఆ ఏళ్లు. తప్పులు ఎక్కువగా దొర్లేది పేర్ల దగ్గర. 2009 ఎన్నికలకు హన్మకొండ, వరంగల్, శాయంపేట నియోజకవర్గాలు పోయి వరంగల్ పశ్చిమ, తూర్పు, భూపాలపల్లి వచ్చాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా ముక్కలైంది. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. 1999 నాటి ఫొటో కింద ‘హనుమకొండ జిల్లా’ అని వేస్తే తెలిసినవాళ్లు ఆ తర్వాత ఏదీ నమ్మరు. 2003 తర్వాతి ఎన్నికల అఫిడవిట్లలో భార్య పేరిట ఉన్న ఆస్తులు, అప్పులు కూడా ఉంటాయి. ఆ పత్రం చదివే వెళ్లండి. తన పేరిట ఏ భూమి రాశారో ఆమెకే తెలియకపోవచ్చు కాబట్టి, దాని గురించి అడుగుతామని ముందే చెప్పడం మర్యాద.

పాత ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫొటోలను పీకొద్దు, రంగు పొర లేచిపోతుంది. పేజీతో సహా పైనుంచి ఫొటో తీసుకోండి. విడి ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేయండి. వీహెచ్ఎస్ క్యాసెట్ టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టొద్దు. టేపుతో పాటు ప్లేయర్లో టేపును చదివే హెడ్ కూడా పాడవుతుంది. ముందు శుభ్రం చేయించాలి.

ఇంటర్వ్యూలో అసలు చిక్కు ధ్వనితోనే. పట్టుచీర కొంగు మైకుకు రాసుకుంటే మాట సగం పోతుంది, గాజులు, గొలుసు మిగతాది చెడగొడతాయి. నూలు చీర కట్టుకొమ్మని అడగండి. కాలర్ మైకును కొంగు లేని వైపు, నోటికి జానెడు దూరంలో పెట్టండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెడితే తిరిగి ఆన్ చేయడం మరిచిపోరు. రికార్డింగ్ మీటరులో ధ్వని మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ట్యూబ్‌లైట్ కింద కెమెరా షట్టర్ వేగం 1/50 సెకనులో ఉండాలి, లేకుంటే చారలు కొట్టుకుంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగ్ గంటకు 45 జీబీ తింటుంది, మెమరీ కార్డులు అందుకు తగ్గట్టు పెట్టుకోండి.

గదిలో సారు గానీ, పాత పీఏ గానీ ఉంటే జవాబులు వాళ్లే చెబుతారు. ఆయన పెళ్లికో, మీటింగుకో వెళ్లే పూట చూసుకోండి. అడిగేది కూడా ఆడమనిషైతే మంచిది. ‘మీకెలా అనిపించింది’ అంటే ‘అంతా దేవుడి దయ’ అనే జవాబే వస్తుంది. పని గురించి అడగండి: ‘అమ్మా, టికెట్ వచ్చిననాడు పొద్దున ఇంట్ల ఎవరెవరున్నరు? ఎంతమందికి వండిండ్రు? ఓడిపోయిన తెల్లారి ఎవరొచ్చిండ్రు?’ ఈ చివరి ప్రశ్న అడిగాక మీరు నోరు మెదపొద్దు, కెమెరా ఆపొద్దు. చాలామంది పేర్లు చెప్పేముందు రానివాళ్లను తలుచుకుంటారు, సినిమాకు కావాల్సింది అదే.

ఆమె చెప్పినదాన్ని మహిళా సంఘం లీడర్లతో, పాత డ్రైవరుతో, ఎదుటి పార్టీ కార్యకర్తతో సరిచూసుకోండి. పొగడ్తలు మాత్రమే ఉన్న సినిమా ఆమెకూ మేలు చేయదు.

హనుమకొండలోని పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మకు ఆమె వస్తే, అప్పట్లో వేదిక మీద తీసిన ఫొటోకూ ఇప్పుడు వలయంలో ఆమె ఆడుతున్న తీరుకూ తేడా చూపించొచ్చు. డీజేకు దూరంగా నిలబడండి. రికార్డు పాట వినిపిస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. ఆడవాళ్లు నోటితో పాడేదాన్నే పట్టండి.

అనుమతి పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఎడిట్ అయ్యాక ఆమెకు ఒక్కరికే చూపించండి: తేదీ, పేరు తప్పైతే దిద్దుతాం, నచ్చలేదని తీసేయం అని మొదటిరోజే చెప్పి ఉండాలి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు విడుదల పెట్టుకోవద్దు, ప్రచారం కింద జమకడతారు. టైటిల్‌లో ముందు ఆమె పేరు, పుట్టిన ఊరు వేయండి, ‘మాజీ ఎమ్మెల్యే సతీమణి’ అన్నది కింది వరుసలో.