వెట్టి నుంచి బయటపడటానికి అర్జీ: రిలీజ్ సర్టిఫికెట్ ఎలా అడగాలి

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ఆ క్యూలో నిలబడేవాళ్లకి నేను అర్జీలు రాసిపెడుతుంటాను. పింఛన్, పట్టా, సర్వే తగాదా, ఇవైతే ఎవరైనా రాస్తారు. వెట్టి అర్జీ రాయడంలోనే తేడా వస్తుంది. మొదట్లో నేనూ తప్పు రాశాను.

ఒక కుటుంబం రొయ్యల గుంట కాపలాలో ఇరుక్కుపోయి వచ్చింది. 'యజమాని జీతం బాకీ ఇవ్వడం లేదు, ఇప్పించండి' అని రాసిచ్చాను. కాగితం జీతాల తగాదాల ఆఫీసుకు పోయింది. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడి, ఎంతో కొంత ఇప్పించి పంపేశారు. వాళ్లు బయటపడ్డారు గానీ చేతిలో రిలీజ్ సర్టిఫికెట్ లేదు, అంటే వెట్టి నుంచి విడిపించామని అధికారి రాసిచ్చే కాగితం లేదు. అది లేకపోయేసరికి ప్రభుత్వం ఇచ్చే పునరావాసం డబ్బుకు దారే లేకుండా పోయింది. జీతం సంగతి తర్వాత. ముందు అడగాల్సింది రిలీజ్ సర్టిఫికెట్.

వెట్టి అనగానే పాతకాలం జీతగాడు గుర్తొస్తాడు. మన వైపు ఇప్పుడది రొయ్యల గుంటల దగ్గర, ఇటుక బట్టీల్లో, జామాయిల్ కొట్టే చోట, బాతులు మేపే చోట ఉంటుంది. ఎవరూ దాన్ని వెట్టి అనరు, 'అడ్వాన్సు' అంటారు. అడ్వాన్సు తీసుకోవడం తప్పు కాదు. దాన్ని చూపించి మనిషిని కట్టేయడం నేరం. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. అంతకుముందే ఆర్డినెన్సు తెచ్చి 1975 అక్టోబర్ 25 నుంచి వెట్టిని రద్దు చేశారు. చట్టం చూసే విషయాలు ఇవి: బాకీ ఉందని వేరే పనికి పోనివ్వకపోవడం, ఊరికి పోనివ్వకపోవడం, కనీస వేతనం ఇవ్వకపోవడం, తన కష్టాన్నో సరుకునో బజారు ధరకు అమ్ముకోనివ్వకపోవడం. బాకీతో పాటు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. గొలుసులూ తాళాలూ ఉండాలని ఎక్కడా లేదు. 'పండక్కి పంపాం కదండీ' అంటాడు యజమాని. పంపాడు నిజమే, పెద్దపిల్లాడిని గుంట దగ్గరే ఉంచుకుని పంపాడు.

అర్జీ ఎవరైనా పెట్టొచ్చు. పనిలో ఉన్నవాళ్లే రానక్కర్లేదు. అన్న, మేనమామ, పక్కింటివాళ్లు, సంఘంవాళ్లు ఎవరు ఇచ్చినా తీసుకోవాలి. ఫీజు లేదు, స్టాంపు కాగితం అక్కర్లేదు. ఆధార్ యజమాని దగ్గరే ఉండిపోయినా అర్జీ ఆగదు, ఆ మాట కూడా అర్జీలోనే రాయండి. కలెక్టర్ పేరున రాసి, నకలు సబ్ కలెక్టర్‌కో ఆర్డీవోకో ఇవ్వండి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: మీ సొంతూరు కాదు, పని చేయించుకుంటున్న చోటు ఏ డివిజన్‌లో ఉంటే ఆ అధికారికి ఇవ్వాలి. కనిగిరి వైపు నుంచి పోయినవాళ్లు కర్ణాటక బట్టీలో ఉంటే విడిపించాల్సింది అక్కడి జిల్లా అధికారులు. అయినా మన జిల్లాలో ఇచ్చిన అర్జీ వృథా కాదు, అక్కడి అధికారులతో మాట్లాడమని ఇక్కడి కలెక్టర్‌ను అడగొచ్చు.

రాయడం ఇలా:

'అయ్యా, మేము ఫలానా ఊరి యానాదులం. 2 ఏళ్ల కింద మా పెద్దోడి వైద్యానికి 25,000 అడ్వాన్సు తీసుకుని ఫలానా వారి రొయ్యల గుంటల కాపలాకు కుదిరాం. నేను, నా భార్య, 12 ఏళ్ల కొడుకు రాత్రీ పగలూ పని చేస్తున్నాం. వారానికి బియ్యం, చేతిఖర్చుకు 500 ఇస్తారు. వేరే చోట కూలికి పోతామంటే బాకీ కట్టి పొమ్మంటున్నారు. బాకీ ఎంతుందో చెప్పరు. సంక్రాంతికి ఊరికి పోతామంటే పిల్లాడిని వదిలి పొమ్మన్నారు. మమ్మల్ని విడిపించి, 1976 వెట్టి రద్దు చట్టం కింద ముగ్గురికీ రిలీజ్ సర్టిఫికెట్లు ఇప్పించండి.'

ఇంతే. చివరి వాక్యం మాత్రం తప్పనిసరి. గుంట సర్వే నంబరు తెలియకపోతే దారి గుర్తులు రాయండి: ఏ కాలవ కట్ట మీద పోవాలి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తిరగాలి. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా కదలొద్దు.

ప్రాణభయం ఉంటే సోమవారం దాకా ఆగొద్దు. 112కి ఫోన్ చేయండి, పిల్లలు ఉంటే 1098కి కూడా. లాయర్ కావాలంటే 15100. వెట్టిలో ఉన్నవాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది.

తర్వాత విచారణకు వస్తారు. టెన్షన్ ఇక్కడే. యజమాని మోటార్ సైకిల్ మీద పక్కనే నిలబడి ఉంటే ఎవరు నోరు విప్పుతారు? 'మమ్మల్ని పక్కకు తీసుకెళ్లి విడిగా అడగండి' అని చెప్పే హక్కు మీకుంది. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, ఎవరు కొట్టారు లేదా తిట్టారు, ఎప్పుడు ఆపారు, తెలిసినంతవరకు చెప్పండి. తేదీ గుర్తులేకపోతే 'శివరాత్రి ముందు' అన్నా పర్వాలేదు. కాగితాలు లేవని భయపడొద్దు. అది వెట్టి బాకీ అని మీరు చెప్తే, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిదే. చట్టంలోని 15వ సెక్షన్ ఇదే. ఈ ఒక్క సెక్షన్ తెలియక ఎంతమంది వెనక్కి తగ్గారో.

సర్టిఫికెట్ చేతికి రాగానే చదివించుకోండి. పని చేసిన ప్రతి మనిషికీ విడివిడిగా ఉండాలి, ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా. ఇంటిపెద్ద పేరున ఒక్కటి ఇచ్చి సరిపెడితే ఒప్పుకోవద్దు. పేరు, తండ్రి పేరు, సంతకం, సీలు చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా బ్యాంకు దగ్గర ఆగిపోతుంది.

ఇక డబ్బు. కేంద్ర పునరావాస పథకం కింద విడిపించిన వెంటనే తక్షణ సాయంగా మనిషికి 30,000 రూపాయల వరకు ఇవ్వొచ్చు. పూర్తి సాయం మగవాళ్లకి 1 లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ 2 లక్షలు. లైంగిక దోపిడీకో మనుషుల అక్రమ రవాణాకో గురైన స్త్రీలు, పిల్లలకి, ట్రాన్స్‌జెండర్లకి, వికలాంగులకి 3 లక్షలు. ఈ పెద్ద మొత్తం కేసుతో ముడిపడి ఉంటుంది, నెలలు పట్టొచ్చు. తక్షణ సాయానికి కేసు తేలేదాకా ఆగాల్సిన పని లేదు, దాన్ని వెంటపడి అడగండి. 'నిధులు రాలేదు' అంటే, దీనికోసమే ప్రతి జిల్లాలో కనీసం 10 లక్షలతో నిధి ఉండాలని పథకంలోనే ఉందని గుర్తుచేయండి. ఎస్సీ, ఎస్టీలైతే అట్రాసిటీ చట్టం కింద కూడా కేసు పెట్టమనండి, ఆ సాయం వేరే. యానాదులైతే నెల్లూరులో యానాదుల ఐటీడీఏకి (గిరిజనుల సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ) కూడా ఒక నకలు ఇవ్వండి. వెట్టి చేయించుకున్నవాడికి 3 ఏళ్ల వరకు జైలు, 2,000 వరకు జరిమానా. ఆ జరిమానా అంకె 1976 నుంచి అక్కడే ఉంది, నవ్వొస్తుంది.

విడుదలయ్యాక కొన్నాళ్లకి పాత బాకీ అడగడానికి, పనికి కుదిర్చిన మేస్త్రి ఊరికొస్తాడు. అతనితో వాదించొద్దు, అలాగని ఒక్క రూపాయీ ఇవ్వొద్దు. చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయిపోయింది, రద్దయిన బాకీ వసూలు చేయడం దానికదే మరో నేరం. సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి తీసి స్టేషన్‌లో ఇచ్చి, మేస్త్రి వచ్చిన రోజు, ఏ టైముకొచ్చాడు, ఏమన్నాడు అన్నది రాసిపెట్టి రండి.