చిల్లై కలాన్‌కు, అంటే అక్కడి నలభై రోజుల గడ్డకట్టే చలికాలానికి, కాశ్మీర్ వెళ్తున్నారా? గదిలోకి అడుగు పెట్టగానే తలెత్తి చూడండి

పోయిన జనవరిలో శ్రీనగర్‌లో మా గ్రూపు దిగిన హౌస్‌బోటులో రాత్రి రెండు గంటలకు ఒక పెద్దాయన నా తలుపు తట్టారు. "ఏదో ధూపం వేసిన వాసన వస్తోంది బాబూ" అన్నారు. అది దేవదారు కాలే వాసన. బుఖారీలో, అంటే గదిని వెచ్చబెట్టే రేకు పొయ్యిలో, మంట ఎప్పుడో ఆరిపోయింది. పొగ మాత్రం పైకప్పు చెక్కల సందుల్లోంచి సన్నగా దిగుతోంది. పొయ్యి పొగ గొట్టం చుట్టూ నాలుగు చెక్కలు ఊడదీస్తే వెనక దూలం కణకణలాడుతోంది. బకెట్లతో ఆర్పాం. 2023 నవంబర్ 11న దాల్ సరస్సులో ఐదు హౌస్‌బోట్లు కాలి ముగ్గురు బంగ్లాదేశ్ పర్యాటకులు చనిపోయారని చదివి కూడా, ఆ రోజు గదిలో దిగేటప్పుడు నేను పైకి చూడలేదు.

స్వెటర్లు, సాక్సుల సంగతి అందరూ చెబుతారు. నేను ఆ పైకప్పు గురించే చెబుతాను.

దాన్ని ఖతంబంద్ అంటారు. చెక్కను చిన్న చిన్న నక్షత్రాలుగా, అష్టకోణాలుగా కోసి, గాడి తీసిన చెక్క బద్దల మధ్య ఇరికిస్తారు. మేకు కొట్టరు, జిగురు పెట్టరు. విప్పి ఇంకో ఇంట్లో మళ్లీ బిగించుకోవచ్చు. దర్గాల్లో, పాత ఇళ్లలో, హౌస్‌బోట్లలో మనం నోరు తెరుచుకుని ఫొటోలు తీసేది దీన్నే. పొయ్యి వేడికి చెక్క ఎండి ముడుచుకుంటే ఆ అతుకుల మధ్య సందులు పెరుగుతాయి. దానికీ అసలు కప్పుకీ మధ్య ఖాళీ ఉంటుంది. నిప్పు అందులోకి చేరిందంటే కింద పడుకున్నవాళ్లకు తెలియకుండానే గది దాటి గదికి పాకుతుంది. కలప కట్టడాలకు అక్కడ నిప్పు గండం కొత్తది కాదు. శ్రీనగర్‌లోని పాత చెక్క దర్గా ఖాన్‌ఖా-ఎ-మౌలా 1480లో, 1731లో కాలిపోతే మళ్లీ కట్టారు. 2017 నవంబర్‌లో దాని శిఖరానికి మళ్లీ నిప్పంటుకుంది. అదే ఊళ్లో ఖన్యార్ పేటలోని దస్తగీర్ సాహిబ్ దర్గా 2012 జూన్‌లో కాలిపోయింది.

నేను చూసినంతలో అందరూ చేసే తప్పు ఒక్కటే. పొయ్యిని చూస్తారు, గొట్టాన్ని చూడరు.

గొట్టం పైకప్పులోంచి బయటికి వెళ్లే చోట చెక్క దానికి ఆనుకుని ఉంటే, ప్రతి చలికాలం ఆ చెక్క కొంచెం కొంచెంగా మాడుతుంది. అలా మాడి మాడి బొగ్గులా మారిన చెక్క మామూలు చెక్క కంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. అందుకే "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా" అనే మాట వింటే నాకు ఇంకా టెన్షన్. మా ఓనరూ "కుఛ్ నహీ హోగా సాబ్" అన్నాడు. తర్వాత చూస్తే పైకప్పు మొత్తం పాత రంగే. గొట్టం చుట్టూ జానెడు మేర మాత్రం కొత్త వార్నిష్ మెరుస్తోంది. చెక్క మాడిన మరకను కప్పెట్టారన్నమాట.

దిగగానే: గొట్టానికీ చెక్కకీ మధ్య రేకు పళ్లెం, కనీసం బెత్తెడు ఖాళీ ఉన్నాయా చూడండి. గోధుమ రంగు మరక గానీ, ఆ ఒక్కచోటే కొత్త వార్నిష్ గానీ కనిపిస్తే గది మార్చమనండి. మార్చకపోతే ఆ రాత్రికి పొయ్యి వెలిగించొద్దనండి. ఈ సీజన్‌లో మసి దులిపారా అని అడగండి. గొట్టంలో పేరుకున్న మసి కూడా అంటుకుంటుంది.

రాత్రి: పడుకునే ముందు పొయ్యి ఆర్పించండి. తలుపులు బిగించిన గదిలో ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆర్పాక కూడా గంటసేపు గొట్టాన్ని చూడండి. మా బోటులో పొయ్యి ఆరాకే కదా పొగ వచ్చింది.

ఇక మిగిలినవి. తడి బట్టలు గొట్టం మీద ఆరేయొద్దు. కాంగ్డీ, అంటే వెచ్చదనానికి చేత పట్టుకునే నిప్పుల కుండ, దుప్పట్లోకి తీసుకోవద్దు. పొయ్యి రాజేయడానికి కిరోసిన్ పోయనివ్వొద్దు. హీటరు, కెటిల్, ఎలక్ట్రిక్ దుప్పటి ఒకే సాకెట్‌కు పెట్టొద్దు. ఒడ్డుకు చేరే చెక్క వంతెన ఎటుందో పగలే నడిచి చూసుకోండి. మీ తలుపుకు బయట గొళ్లెం పెట్టనివ్వొద్దు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, గ్రూపులో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సందుల్లోంచి పొగ వస్తే చెక్కలు పీకొద్దు, గాలి తగిలి మంట ఎగస్తుంది. మేం పీకింది తప్పే, చేతిలో నీళ్లుండబట్టి సరిపోయింది. మీరు అరవండి, అందరినీ లేపండి, బయటికి వెళ్లి 112కి ఫోన్ చేయండి. సూట్‌కేసు వదిలేయండి. అన్నిటికంటే ముందు, గదిలో బ్యాగు కింద పెట్టకముందే, గొట్టం చూడండి.