వీడియో కాల్‌లో మాట వినిపించకపోతే

అవతలివాళ్ల పెదాలు కదులుతుంటాయి, మాట మాత్రం వినపడదు. నేనైతే రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. తీరా చూస్తే శబ్దమంతా పక్క గదిలో వదిలేసిన బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లోకి పోతోంది!

విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వి మీటలు కలిపి నొక్కండి. శబ్దం ఎటు వెళ్తోందో కనిపిస్తుంది. అక్కడ ల్యాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకోండి. కిందనే ఉండే వాల్యూమ్ మిక్సర్‌లో కాల్ యాప్ సున్నా దగ్గర ఉంటే పెంచండి. అప్పటికీ రాకపోతే కాల్ యాప్ సొంత ఆడియో సెట్టింగ్స్‌లో కూడా స్పీకర్ మార్చాలి. ఒక్కోసారి పాత ఇయర్‌ఫోన్ పేరునే పట్టుకుని ఉంటుంది.

స్పీకర్లు ఎంచుకున్నాక యూట్యూబ్ కూడా మూగగానే ఉంటే ఇది పనిచేయదు. అప్పుడు డ్రైవర్‌నో (స్పీకర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్), స్పీకర్‌నో రిపేర్ తెలిసినవాళ్లకు చూపించుకోవాల్సిందే.