పీసీబీ తయారీకి పంపే ముందు కీక్యాడ్‌లో సరిచూసుకోవలసినవి

ఉచితంగా దొరికే కీక్యాడ్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ గీసి, పీసీబీ (విడిభాగాలను రాగి గీతలతో కలిపే బోర్డు) రూపొందించి, ఇక తయారీకి పంపడమే తరువాయి అనుకున్నప్పుడే తొందరపాటు ఎక్కువగా జరుగుతుంది. తెరపై గీత తప్పితే క్షణంలో చెరిపేయవచ్చు గాని, రాగిపై తప్పితే మళ్లీ డబ్బు కట్టి కొత్త బోర్డు కోసం ఎదురుచూడవలసిందే.

ముందుగా స్కీమాటిక్‌ (సర్క్యూట్ చిత్రం) పై ఈఆర్‌సీ (కనెక్షన్ల నియమాల తనిఖీ), బోర్డుపై డీఆర్‌సీ (ఎడం, రంధ్రం వంటి డిజైన్ నియమాల తనిఖీ) పరీక్షలు తప్పక నడపాలి. పవర్ పిన్‌కు సరఫరా లేదని ఈఆర్‌సీ చెప్పినప్పుడు కొత్తవారు కంగారుపడతారు. అడాప్టర్ కనెక్టర్ ద్వారా వచ్చే కరెంటును సాఫ్ట్‌వేర్ తనంతట తాను గుర్తించలేదు కనుక, ఆ లైనుకు పవర్ ఫ్లాగ్ చిహ్నం తగిలిస్తే సరిపోతుంది. అయితే హెచ్చరికలను చదవకుండానే మినహాయింపుల్లో చేర్చడం మంచిది కాదు, ఎందుకంటే నిజమైన తప్పు కూడా వాటి మధ్యే ఉండవచ్చు. కనీస ఎడం, కనీస రంధ్రం కొలతలను తయారీదారు ప్రకటించిన పరిమితులకు తగ్గట్టు డీఆర్‌సీలో ముందే మార్చుకోవాలి.

ఈ రెండు పరీక్షలూ పట్టుకోలేనిది ఫుట్‌ప్రింట్ (విడిభాగం కాళ్లు కూర్చునేందుకు బోర్డుపై ఉండే అమరిక) తప్పు. మీరు కొన్న విడిభాగం ఏదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే బీసీ547 ట్రాన్సిస్టర్‌కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వరుసగా వస్తాయి. 2ఎన్3904కు అదే వరుస తలకిందులుగా, ఎమిటర్‌తో మొదలవుతుంది. 7805, ఎల్ఎం317 రెగ్యులేటర్లు చూడటానికి ఒకేలా ఉన్నా, మొదటిదానికి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ అనే వరుస ఉంటే రెండవదానికి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్ అనే వరుస ఉంటుంది. కనుక దుకాణంలో ఒకటి లేక మరొకటి తెచ్చుకున్నవారు డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరిచి ప్రతి కాలునూ సరిచూడాలి. ఆపైన బోర్డును నూరు శాతం స్కేలులో కాగితంపై ముద్రించి, కొన్న భాగాలను దానిమీద పెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష అని నా అభిప్రాయం. ప్రింటర్ పేజీకి సరిపోయేలా కుదించే ఐచ్ఛికాన్ని తీసేయడం మరవకూడదు. రంధ్రాలనూ విడిగా కొలవాలి: 0.64 మిల్లీమీటర్ల చదరపు హెడర్ పిన్ను మూల నుంచి మూలకు 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, దానికి 1 మిల్లీమీటరు రంధ్రం కావాలి.

రిలే (విద్యుత్‌తో పనిచేసే స్విచ్) ద్వారా 230 వోల్టులు బోర్డు మీదికి వచ్చేటట్లయితే మరింత జాగ్రత్త అవసరం. మామూలు సిగ్నళ్లకు 0.2 మిల్లీమీటర్ల ఎడం చాలునని డీఆర్‌సీ ఒప్పుకుంటుంది గాని, ఏ ట్రాక్‌లో (రాగి గీతలో) మెయిన్స్ (ఇంటి 230 వోల్టుల కరెంటు) ఉందో మనం చెప్పనిదే దానికి తెలియదు. ఆ లైన్లకు వేరే నెట్ క్లాస్ (ఒక గుంపు లైన్లకు వర్తించే విడి నియమాలు) పెట్టి, తక్కువ వోల్టేజీ భాగానికీ దానికీ మధ్య కనీసం 6 మిల్లీమీటర్ల దూరం ఉంచి, రిలే కాంటాక్టుల దగ్గర బోర్డులో చీలిక కోయించాలి. అనుభవం లేనివారు మెయిన్స్‌ను బోర్డుపైకి తేకుండా, రెడీమేడ్ అడాప్టర్‌తోనే పని జరుపుకోవాలని నా గట్టి సలహా. మోటారు వంటి వాటికి ఎక్కువ కరెంటు మోసే ట్రాక్‌ల వెడల్పును కీక్యాడ్‌లోని కాలిక్యులేటర్‌తో లెక్కగట్టాలి.

చివరగా రాగి జోన్లను (బోర్డుపై రాగితో నింపిన ప్రాంతాలను) మళ్లీ నింపి, తయారీదారుకు పంపే గెర్బర్ (పొరల చిత్రాలు), డ్రిల్ (రంధ్రాల) ఫైళ్లు తీసి, వాటిని కీక్యాడ్‌తో వచ్చే గెర్బ్‌వ్యూ అనే వీక్షణ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బోర్డు అంచు గీత ఎక్కడా తెగకుండా కలిసిందో లేదో చూడాలి. కొత్త వెర్షన్‌లో భద్రపరచిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కనుక, కాలేజీ ల్యాబులోనూ ఇంట్లోనూ పనిచేసే విద్యార్థులు రెండు చోట్లా ఒకే వెర్షన్ ఉంచుకోవాలి.